పరంజ్యోతి మాట్లాడని గంట

నోరు మూసుకుని కూర్చోవడం ఇంత పెద్ద పని అని పరంజ్యోతికి ఇన్నేళ్ళ బతుకులో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అలవాటు చేసుకునేదేమో, కానీ ఆవిడ ఎవరిని చెప్పనిచ్చింది కనుక, ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోగా తనే రెండు కబుర్లు చెప్పేసేది. గుమ్మంలో పీట వేసుకుని, తలుపుకి వేలాడదీసిన తడి గోనెపట్టాకి వీపు ఆనించి, ఒళ్ళో తాటాకు విసనకర్ర పెట్టుకుని కూర్చుంది. వెనక గదిలో మనవరాలు గ్లోరీ కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొడుతోంది. ఇంట్లో ఆ చప్పుడు ఒక్కటే ఉండాలి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఫోను లైను తెరిచే ఉంటుందట, విశాఖపట్నంలో పెద్దసారు అటునుంచి వింటూ ఉంటాడట, ఇంట్లో కూర్చుంటే పని జరుగుతుందో, వంటలూ కబుర్లూ జరుగుతాయో తేల్చుకుంటాడట. ఈ గంట గట్టెక్కితే రేపటినుంచి ఎండలు తగ్గేదాకా ఆఫీసు ఆడపిల్లలందరికీ ఇంటి దగ్గరే పని. లేదంటే అందరూ మళ్ళీ ఆ ఆఫీసు రేకుల కిందికే. పొద్దున్న చోడంబలి తాగుతూ గ్లోరీ ఇదంతా చెప్పి, గ్లాసు కింద పెట్టి, మామ్మ మొహంలోకి ఒక్క చూపు చూసి ఊరుకుంది. ఆ చూపుకే పరంజ్యోతికి రోషం వచ్చింది. నావల్ల కాదనుకుంటన్నావేటే అని అడిగింది. గ్లోరీ నవ్వు ఆపుకుంటూ అంది కదా, "కాదని నాననలేదు మామ్మా. సర్చిలో నువ్వు సాక్ష్యం సెప్పడానికి లెగిస్తే అయ్యగారు వాచీ ఇప్పి బల్ల మీద పెడతారు. అది గుర్తొచ్చినాది."

అవును పెడతారు, పెడితే ఏం, దేవుడు చేసిన మేళ్ళు గడియారం చూసుకుని చేశాడా ఏమిటి. చిన్నప్పుడు కలరా వచ్చిపోయిన సంగతి చెప్పాలి, వంశధార పొంగినప్పుడు దూడని భుజాన వేసుకుని దాటిన సంగతి చెప్పాలి, కొడుకు శాంతికుమార్ సాలూరు లారీ మీద రాయపూర్ వెళ్ళిన ప్రతిసారీ ఘాట్ రోడ్డులో చెయ్యి వదలకుండా దింపినవాడి సంగతి చెప్పాలి, ఇన్నీ చెప్పాలంటే వాచీకి కీ ఇచ్చుకోవాల్సిందే. ఇప్పుడు కూడా చూడు, నీళ్ళకుండ మీద మూత పక్కకి జరిగి ఉంది, గ్లోరీ మూత సరిగ్గా పెట్టవే అని గొంతుదాకా వచ్చింది. పొంగుతున్న పాల మీద నీళ్ళు జల్లినట్టు గుటకేసి దించుకుంది. తనే లేచి, కాళ్ళకి పట్టీలు లేవు కాబట్టి సరిపోయింది, మునివేళ్ళ మీద నడిచి మూత సర్దింది. గాజుల్ని మోచేతి మీదికి ఎగదోసుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. గోడమీద బల్లి ఏదో అంటోంది. నీకైనా స్వేచ్ఛ ఉందే తల్లీ, అనుకుంది.

వీధిలో పిట్ట లేదు. తారు కరిగి నల్లగా మెరుస్తోంది, పొద్దున్నెవరిదో చెప్పు ఒకటి దానికి అంటుకుపోయి అక్కడే ఉంది, మనిషి ఒంటి చెప్పుతో వెళ్ళిపోయినట్టున్నాడు. నాగావళి వైపునుంచి గాలి వస్తోంది గానీ అది గాలి కాదు, ఇటుక బట్టీ తలుపు తీస్తే వచ్చే ఆవిరి. కోడలు పద్మజ పొద్దున్నే ఆసుపత్రి డ్యూటీకి పోతూ, వడదెబ్బ కేసులు వరండాలో పడుకోబెడుతున్నాం అత్తా, నువ్వు గడప దాటకు అని చెప్పి, చీర కుచ్చిళ్ళ దగ్గర ఉల్లిపాయ దోపుకుని వెళ్ళింది. దాని పని అలాంటిది, పోకపోతే రోగిని ఎవరు చూస్తారు. సూదిమందు ఇంట్లో కూర్చుని పొడవలేరు కదా. కానీ గ్లోరీ పని అలాంటిది కాదని పరంజ్యోతి కళ్ళారా చూసింది. మొన్న మజ్జిగ సీసా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది కనుక చూసింది. మూడో అంతస్తు మీద రేకుల గది. కిందనుంచి ఎక్కుతుంటే ఒక్కో మెట్టుకీ ఒక్కో సెగ. జనరేటరు కంప్యూటర్లకేనట, మనుషులకి కాదట. మూలనున్న కూలరు వేడిగాలిని ఇటునుంచి తీసుకుని అటు పంపుతోంది, అంతే. అందులో ఆడపిల్లలు తలకి తడి తువ్వాళ్ళు చుట్టుకుని వరసగా కూర్చుని ఎవరివో ఆసుపత్రి బిల్లులు చూసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఎవరికో దగ్గు వస్తే ఆ బిల్లు ఇక్కడ శ్రీకాకుళంలో చెమటతో తడుస్తోంది. చరిత అనే పిల్ల, ఏడో నెల, పొట్ట బల్లకి తగలకుండా పక్కకి తిరిగి కూర్చుని కొడుతోంది. మజ్జిగ సగం ఆ పిల్ల చేతే తాగించి వచ్చింది పరంజ్యోతి.

ఆ చరితే మర్నాడు కుర్చీలోంచి జారిపోయింది. మేనేజరు కామేష్ చెడ్డవాడేం కాదు, తనూ ఆ సెగలోనే మెడకి టై బిగించుకుని కూర్చుంటాడు, పరుగున వచ్చి నీళ్ళు జల్లాడు, ఆటో పిలిచాడు. కానీ పిల్ల కళ్ళు తెరవగానే ఏమన్నాడంటే, వెళ్ళేముందు హాజరు మిషన్లో వేలు పెట్టి వెళ్ళమ్మా, లేకపోతే సగం రోజు పోతుంది అన్నాడు. పాపం దయగానే అన్నాడు. అదే మరి, ఆ దయకే గ్లోరీకి ఒళ్ళు మండింది. పని ఎంతయిందని ఎవరూ అడగరట, కుర్చీ నిండిందా, వేలు పడిందా, ఇదే చూస్తారట. కొన్ని రోజులు కాగితాలు అటునుంచి రాకపోతే ఖాళీగా అయినా అక్కడే ఉడుకుతూ కూర్చోవాలట. అప్పుడు గ్లోరీ లేచి నిలబడి ఏమందో, చరితే ఫోను చేసి పరంజ్యోతికి చెప్పింది. "సార్, ఈ కంప్యూటరు సంచీలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. ఈ రేకుల్ని మాత్రం మోసుకెళ్ళలేం. మరి పని కోసం కూర్చుంటున్నామా, రేకుల కోసం కూర్చుంటున్నామా?" అందట, ఆ మాటే కామేష్ పెద్దసారుకి చేరవేశాడట. ఫోను పెట్టేశాక పరంజ్యోతి చాలాసేపు వంటింట్లో ఊరికే నిలబడింది. కూర అడుగంటింది, అయినా కదల్లేదు. ఒకటే ఆనందం, గుండె నిండిపోయి పైకి వస్తోంది. ఆ మాట ఎక్కడిదో తనకి తెలుసు. ఆ లేచి నిలబడటం ఎక్కడిదో తనకి తెలుసు. నెత్తురు ఊరికే పోదు.

పలాస జీడి ఫ్యాక్టరీ కళ్ళకి కట్టింది. ఇప్పటి మిషన్లు కావు, అప్పుడు డ్రమ్ములో పిక్కలు పోసి కాల్చేవారు, పొగ, జీడినూనె చిట్లి చేతుల మీద పడితే నల్లటి మచ్చ, చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొట్టడం, తర్వాత పప్పు మీద ఎర్రపొర తీయడం. పొర తీయడానికి డ్రమ్ము ఎందుకు, షెడ్డు ఎందుకు, రెండు వేళ్ళుంటే చాలు. అయినా పొద్దున్న గంట కొట్టినప్పటినుంచి సాయంత్రం గంట దాకా అందరూ షెడ్డులోనే ఉండాలి, పప్పు అందినా అందకపోయినా. కూర్చుంటేనే కూలి. అలాంటి ఒక మే నెలలో, ఇలాంటి ఎండలే, తోటికోడలు అప్పలమ్మ పొర తీస్తూ తీస్తూ చేటలోకే తల వాల్చేసింది. పప్పులు మొహానికి అంటుకుపోయాయి, దులిపితే కొన్ని జుట్టులోంచి రాలాయి. అప్పుడు నిలబడింది పరంజ్యోతి, ఇప్పుడు గ్లోరీకి ఉన్న వయసే, ఒంటిమీద చిరుగు చీర. బాబూ, పిక్క కొట్టేది ఇక్కడ కొడతాం, పొర తీసేది ఇంటికి పట్టుకెళ్తాం, ఇంటికాడ పనసచెట్టు నీడ ఉన్నాది అని షావుకారుని అడిగింది. షావుకారు నవ్వాడు. ఇంటికి పట్టుకెళ్తే పప్పు మీ పిల్లల నోట్లోకి పోతాది, మీ నోట్లోకి పోతాది, నాకు పొరే మిగులుతాది అన్నాడు. పక్కనున్న అప్పలసూరి మేస్త్రీ కూడా నవ్వాడు. అప్పుడు తన నోట్లోకి ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. "పాడే నోరు నమల్లేదు కదా బాబూ. పొర తీసినంతసేపూ పాడతాం. మేస్త్రీని వీధిలో తిరగమనండి, పాట ఆగిన ఇంటికి రేపు పప్పు ఇవ్వకండి" అంది.

ఏం వేసవి అది, అనుకుంటే నవ్వు వస్తోంది, నవ్వకూడదు, కొంగు నోట్లో కుక్కుకుంది. వీధి వీధంతా పాటే. క్రైస్తవుల పేటలో కీర్తనలు, పక్క వీధిలో వాళ్ళ పెళ్ళిపాటలు, ఆ పైన వీధిలో శ్రీకూర్మం స్వామి పాటలు, ఒకరి పాట ఒకరికి వచ్చేసి అన్నీ కలిసిపోయాయి. అప్పలసూరి మేస్త్రీ గొడుగు వేసుకుని సైకిలు మీద తిరిగేవాడు. గున్నమ్మ గొంతు గరగరలాడే గొంతు, ఆవిడ ఇల్లు వచ్చేసరికి మేస్త్రీ సైకిలు జోరుగా తొక్కేసేవాడు, పాపం ఆపమనడానికి వీల్లేదు కదా, ఆపితే తిన్నట్టు. ఆ ఏడు షావుకారుకి పప్పు తగ్గలేదు, పైగా విరగని గుండుపప్పు ఎక్కువ తేలింది, నీడలో చెయ్యి వణకదు మరి. ఆ తర్వాత ప్రతి వేసవీ పొర ఇళ్ళకే వచ్చింది. ఆ పనసచెట్టు మొన్నటి తిత్లీ తుఫానులో పోయింది, ఊళ్ళో జీడితోటలతో పాటే వేళ్ళతో సహా వాలిపోయింది, అందుకే కదూ శాంతికుమార్ అందరినీ ఇక్కడికి తెచ్చేశాడు, అప్పలమ్మ కూడా కూతురి ఇంటికని వెనక వీధికే వచ్చింది. చెట్టు పోయింది గానీ దాని కింద పాడిన నోరు ఉంది. అప్పుడు నోరు తెరిచి గెలిచింది, ఇప్పుడు అదే నోరు మూసి గెలవాలి, ఏం కాలం వచ్చింది. ఏ కాలమైనా అవతలివాడికి కావలసింది ఒకటే, మన ఇంటి చప్పుడు వాడి చెవిలో పడాలి.

అంతలో వీధి మలుపులో గొడుగులు కనిపించాయి. పాస్టరమ్మగారు, వెనక అమ్మడు, తాయారు, అందరికన్నా ముందు అప్పలమ్మ, సంకలో పాటల పుస్తకాలు, చేతిలో పుచ్చకాయ. పనిరోజు పూట ఆఫీసుకి పోవలసిన పిల్ల ఇంట్లో ఉందని ఎవరో చూసి చెప్పి ఉంటారు. ఈ ఎండల్లో పిల్ల ఇంట్లో ఉందంటే మరి ఏమనుకుంటారు, వడదెబ్బే అనుకుంటారు. ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే చర్చి స్త్రీల సమాజం వెళ్ళి, రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి రావడం ఆనవాయితీ. తను మాత్రం ఎన్ని ఇళ్ళకి వెళ్ళలేదు. పరంజ్యోతి పీట మీదనుంచి లేచి, కాళ్ళు కాలుతున్నా చెప్పుల్లేకుండానే ఎదురెళ్ళి, పెదవుల మీద వేలు పెట్టింది. ఇంట్లోకి చూపించింది. తల అడ్డంగా ఊపింది.

అంతే, అప్పలమ్మ నిలువునా ఆగిపోయింది. పెళ్ళయి వచ్చిన దగ్గరనుంచి పరంజ్యోతి ఎదురుపడి మాట్లాడకపోవడం ఆవిడ చూడలేదు. అత్తగారు పోయిన రోజున కూడా అత్తగారి కబుర్లు చెబుతూనే ఏడ్చింది ఈ మనిషి. అలాంటి పరంజ్యోతి నోట మాట పడిపోయిందంటే, తల అడ్డంగా ఊపిందంటే, ఇంకేం ఉంది. అప్పలమ్మ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పుచ్చకాయ తాయారు చేతిలో పెట్టేసింది. "ఓలప్పా, పిల్ల" అంటూ గుండె మీద చెయ్యేసుకుని గొంతెత్తబోయింది. ఆ ఏడుపు లేస్తే విశాఖపట్నం దాకా ఫోను కూడా అక్కర్లేదు. పరంజ్యోతి తన భుజం మీది తడి తువ్వాలుతో ఆ నోరు మూసేసింది, గట్టిగా, ఊపిరి మాత్రం వదిలి. పాస్టరమ్మగారు ఆ ఎండలోనే వీధిలో మోకాళ్ళూనబోయారు. అమ్మడు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

వాళ్ళని గుమ్మందాకా లాక్కొచ్చింది గానీ, ఎలా చెప్పాలి. పరంజ్యోతి గాలిలో వేళ్ళు టకటకలాడించింది, కంప్యూటరని. తాయారు ఆ వణుకు చూసి, పిల్లకి ఫిట్సు అనుకుని నెత్తి బాదుకుంది. చెవుల మీద చేతులు పెట్టి చూపించింది, వినేవాడున్నాడని. అది చూసి పిల్లకి చెవుడొచ్చిందనుకున్నారో ఏమో, పాస్టరమ్మగారి మొహం ఇంకా పాలిపోయింది. ఇన్ని మాటలు తెలిసిన మనిషికి ఒక్క మాట పంపే దారి లేదు. అప్పుడు, ఆలోచించి కాదు, చెయ్యి దానంతట అదే చేసింది, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి, నలిపి, పొర ఊదినట్టు ఉఫ్ అని ఊది, ఇంట్లోకి చూపించింది. మళ్ళీ నలిపింది, మళ్ళీ ఊదింది, గడప మీద చరిచింది. ఇల్లు. ఇక్కడే. పొర.

తువ్వాలు కింద అప్పలమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆవిడ ఆ వేళ్ళని చూసింది, గోనెపట్టా వెనకనుంచి వస్తున్న టకటకని విన్నది. చేటలో తల వాల్చిన మనిషి కదా, ఆవిడకి కాక ఇంకెవరికి తెలుస్తుంది. తువ్వాలు తీసేసి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి మిగిలినవాళ్ళకి తనూ అదే చూపించింది, వేళ్ళు నలిపి, ఊది, పెదవుల మీద వేలు పెట్టి. తర్వాత ఇంత పెద్ద నవ్వు నవ్వింది, చప్పుడు లేకుండా, పళ్ళు లేని చిగుళ్ళు మొత్తం కనిపించేలా. అందరూ గుమ్మం నీడలో వరసగా చేరి కూర్చున్నారు. వెళ్ళమంటే వెళ్ళేవారేమో గానీ పరంజ్యోతి వెళ్ళమనలేదు. ఒక్కతే ఇంత మౌనాన్ని మోయడం కష్టంగా ఉంది, మరి నలుగురు పట్టుకుంటే తేలికే కదా.

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఆగిపోయాయి. లోపల టకటక ఆగలేదు, కంప్యూటరుకి పొట్టలో చార్జింగు ఉంది, ఫోనులో నెట్టు ఉంది, ఈ మాటలన్నీ పరంజ్యోతి నేర్చుకుంది. కానీ పిల్ల మెడమీద చెమట ధారకట్టడం పట్టా సందులోంచి కనిపిస్తోంది. పాస్టరమ్మగారు చప్పుడు కాకుండా లేచి, తడి పట్టా తొలగించి లోపలికి వెళ్ళి, గ్లోరీ వెనక నిలబడి పాటల పుస్తకంతో విసరడం మొదలుపెట్టారు. ఆవిడ చెయ్యి నొప్పెడితే అమ్మడు, తర్వాత తాయారు, తర్వాత విసనకర్రతో అప్పలమ్మ. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, వంతు దానంతట అదే తిరిగింది. గ్లోరీ ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది. వేళ్ళు మాత్రం ఇంకా జోరుగా ఆడుతున్నాయి. పరంజ్యోతి గుమ్మంలోనే ఉండిపోయి ఆ వేళ్ళనే చూస్తోంది. నా వేళ్ళే అవి, పొడుగ్గా, చివర కొంచెం వంగి. నల్లమచ్చలు లేవు, అంతే తేడా.

అప్పుడు గ్లోరీ చేతులు ఆగాయి. చెవులకున్నది తీసేసింది, ఫోను మీద ఏదో నొక్కింది, గదిలోకి ఒక మగగొంతు వచ్చింది. పెద్దసారు. గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది. "చూడమ్మా, ఇంతసేపూ విన్నాను. ఒక గిన్నె చప్పుడు లేదు, ఒక మనిషి మాట లేదు. మధ్యాహ్నం పూట ఇలాంటి ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? నువ్వు నిజంగా ఇంట్లోనే ఉన్నావా, ఏ హోటల్లోనో ఏసీ గది తీసుకుని కూర్చున్నావా?"

గ్లోరీ మొహం ఎర్రబడింది. అదే లైనులో ఉన్న ఆఫీసునుంచి కామేష్ ఏదో సర్దిచెప్పబోయి ఆగాడు. చరిత ఉండి ఉంటుంది అక్కడ, పొట్ట పక్కకి తిప్పుకుని. గ్లోరీ కంప్యూటరూ ఫోనూ ఎత్తి గుమ్మందాకా తెచ్చి, పరంజ్యోతి పీట పక్కన గడప మీద పెట్టింది. "మామ్మా, మాటాడు" అంది.

గొంతులో గంటనుంచి పేరుకున్న మాటలన్నీ ఒక్కసారి కదిలాయి, కలరా, దూడ, లారీ, పనసచెట్టు, రేకులు, మజ్జిగ. అన్నీ తలుపు దగ్గర తోసుకున్నాయి. పరంజ్యోతి వాటినన్నింటినీ వెనక్కి నెట్టి, వీపు నిటారుగా పెట్టింది.

"ఇల్లే బాబూ. నా కొడుకు ఇల్లు. నాను దాని మామ్మని. కరంటు పోయినాది, ఫాను ఆగినాది, పిల్ల సెయ్యి ఆగనేదు. మాటాడకపోతే ఇల్లు కాదనుకున్నావు గావాల, మాటలు మాకు సాలా ఉన్నాయి, నీకోసం దాసుకున్నాం. ఇప్పుడు ఇను" అంది, అని గ్లోరీకి చెయ్యి ఊపింది, కొట్టు అని.

గ్లోరీ నేలమీద బాసింపట్టు వేసుకుని, గడప మీద కంప్యూటరు పెట్టుకుని కొట్టసాగింది. ఎవరూ మాట్లాడలేదు. టకటక, మధ్యలో విసనకర్ర గాలి, వీధిలో ఒక కాకి. చాలని ఎవరూ అనలేదు కనుక పరంజ్యోతి కూడా ఆపలేదు, తన మాట ఆపుకుని మరీ ఆ చప్పుడు వినిపించింది, ఎంతసేపో. చివరికి అటువైపునుంచి చిన్న దగ్గు వినిపించింది. కామేష్, రేపటినుంచి వీళ్ళెవర్నీ రప్పించొద్దు, కంప్యూటర్లు ఈరోజే సంచుల్లో పెట్టి పంపించెయ్, ఆ ఏడో నెల అమ్మాయిని ఇప్పుడే పంపు, వేలూ గీలూ తర్వాత చూద్దాం అన్నారు పెద్దసారు. ఆ మాట పూర్తయ్యిందో లేదో, ఫోనులోంచి చప్పుడు మొదలయింది, కుర్చీలు వెనక్కి జరుగుతున్న చప్పుడు, ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత లెక్కలేనన్ని. ఆ వేసవి చేటలు నెత్తిన పెట్టుకుని షెడ్డులోంచి బయటపడిన ఆడవాళ్ళ అడుగుల్లాగే ఉంది ఆ చప్పుడు. అందులోంచి చరిత గొంతు, "మామ్మా" అని ఒక్కటే పిలుపు.

లైను కట్టయింది. అప్పలమ్మ తోటికోడలి చెయ్యి తీసుకుని ఆ పాత మచ్చల మీద తన బొటనవేలితో రాస్తూ కూర్చుంది. తాయారు పుచ్చకాయ కోసింది. పరంజ్యోతి ఒక ముక్క తీసుకుని నోటిదాకా తెచ్చి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. కొంగు సర్దుకుంది. గాజులు మణికట్టుకి దించుకుంది. లేచి నిలబడి, చేతులు జోడించి, అందరికీ వందనాలు అని మొదలుపెట్టింది.

పాస్టరమ్మగారు వాచీ విప్పి గడప మీద పెట్టారు.